లాటిన్‌పేట నుంచి సూళ్లూరుపేటకు

పారిస్,
20-6-1968

ప్రియమైన నవోమి అక్కకు, జీవానందం బావగారికి, మన మణికి,

ప్రభువు పేరట మీ పుష్ప చేసే వందనాలు. ఇక్కడ నేను క్షేమం. కాలు కూడా క్షేమం. అక్కడ నువ్వూ, నీ కోళ్ళూ, బావగారూ, ఆయన దగ్గూ, మణీ అందరూ దేవుని దయవల్ల బాగానే ఉన్నారని నమ్ముతున్నాను. ఎవరికైనా బాగాలేకపోతే ఈ ఉత్తరం పక్కనపెట్టి ముందు డాక్టరు దగ్గరికి పోండి. ఇది పొడుగాటి ఉత్తరం, ఎక్కడికీ పోదు.

నీ ఉత్తరాలు మూడూ ఒకే రోజున ఒకే కట్టగా వచ్చాయి. ఇక్కడ తపాలా వాళ్ళు కూడా సమ్మె చేశారని బావగారు రేడియోలో వినే ఉంటారు. రైళ్ళు, బస్సులు, బాంకులు, చెత్త ఎత్తేవాళ్ళు, అందరూ ఒక్కసారే చేతులు ముడుచుకుని కూర్చున్నారు. మూడు ఉత్తరాలూ మంచం మీద పరుచుకుని చదివితే నాకే నవ్వొచ్చింది. మొదటిదాంట్లో తిట్టావు, రెండోదాంట్లో ఏడ్చావు, మూడోదాంట్లో ప్రశ్నలు వేశావు. తిట్లకూ ఏడుపుకూ నా దగ్గర జవాబు లేదు గానీ ప్రశ్నలకు చెప్తాను.

ఒక్క ప్రశ్న మాత్రం చివరికి ఉంచుకుంటున్నాను. జులై ఆఖరి ఆదివారం మన పాస్టరు సమాధానం అయ్యగారు మణి తలమీద చెయ్యి పెట్టి దాన్ని దేవునికి ప్రతిష్ఠ చేస్తానన్నారని రాశావు. సంఘం ముందు తల్లిదండ్రులుగా నిలబడి "ఈ బిడ్డను మేము పెంచుతాము" అని మాట ఇచ్చేది ఎవరో ఇప్పుడే తేల్చమన్నారని, నేను వస్తానంటే డిసెంబరు దాకా అయినా ఆపిస్తానని రాశావు. దానికి జవాబు నా దగ్గర ఉంది. కానీ అలసటగా ఉంది అక్కా, మెల్లగా అక్కడికి వస్తాను. మధ్యలో పేజీలు తిప్పి చివర చూడవద్దు. నీ సంగతి నాకు తెలుసు.

ముందు బావగారి ప్రశ్న తీర్చేస్తాను, ఆయన ఎప్పుడూ ఆఖరికి మిగిలిపోతారు. "మీ చెల్లెలుండే లాటిన్‌పేటలో ఇంకా లాటిన్ మాట్లాడతా ఉండారా, లేకుంటే అది కూడా సమ్మె చేస్తా ఉండాదా?" అని అడిగారట. ఈ చోటుకు ఆయన పెట్టిన పేరు నాకు ఇక్కడి పేరుకన్నా బాగా అలవాటైపోయింది. సూళ్లూరుపేట నుంచి లాటిన్‌పేటకు అంటే పక్క స్టేషనులో దిగినంత తేలిగ్గా ఉంటుంది. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట నానా దేశాల వాళ్ళు చదువుకోసం ఇక్కడికి వచ్చి, ఒకరి మాట ఒకరికి తెలియక అందరూ లాటిన్లో మాట్లాడుకునేవాళ్ళట. ఆ పేరు అట్లాగే నిలిచిపోయింది. ఇప్పుడు లాటిన్ రాళ్ళ మీద చెక్కి ఉన్నదే తప్ప ఎవరి నోటా వినపడదు. ఆ రాళ్ళ కిందనే ఈమధ్య కుర్రాళ్ళు ఎర్రరంగుతో ఇంత లావు అక్షరాలు రాశారు. అవి మాత్రం అందరికీ అర్థమవుతున్నాయి.

పేట అంతా ఒక గుట్ట. గుట్ట నెత్తిన పెద్ద గోపురం, అందులో ఈ దేశపు గొప్పవాళ్ళ సమాధులు. ఏటవాలు సందుల్లోంచి దిగుతూ పోతే కింద ఏరు. ఏటి గట్టున గోడకు తగిలించిన పచ్చరంగు పెట్టెల్లో పాత పుస్తకాలు అమ్ముతారు. ఎక్కడ చూసినా కాలేజీ, కాకపోతే పుస్తకాల షాపు, అదీ కాకపోతే కాఫీ హోటలు. ఒక్క కప్పు కాఫీ చెప్పి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని వాదించుకుంటారు. మన స్టేషను దగ్గర హోటల్లో అట్లా కూర్చుంటే బల్లమీద నీళ్ళు చల్లి తుడవడం మొదలుపెడతారు గదా, ఇక్కడ ఏమీ అనరు. వచ్చిన కొత్తలో ఇదంతా చూసి, ఇంతమంది ఇన్ని వందల ఏళ్ళుగా చదువుకున్న చోట నేనూ నడుస్తున్నానని ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు గుట్ట ఎక్కడమంటే మోకాళ్ళు నొప్పులు, అంతే. నా గది ఆరో అంతస్తులో, వెనకటి కాలంలో పనిమనుషులకు ఇచ్చే గది. నిలబడితే నెత్తికి కప్పు తగులుతుంది. నీళ్ళు కింది అంతస్తు నుంచి మోసుకుపోవాలి. బావగారు వస్తే వంగి నమస్కారం చేస్తూనే ఉండాలి.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. రొట్టె, చారు లాంటి సూపు, ఉడికించిన బంగాళాదుంపలు. నువ్వు పంపిన మాగాయ ఏప్రిల్లోనే అయిపోయింది. ఇక్కడి బియ్యం వండితే ముద్దగా జిగటగా అవుతుంది, మొలగొలుకుల అన్నం గుర్తుకొచ్చి సగంలో చెయ్యి కడుక్కుంటాను. పులికాటు రొయ్యల మీద ఇన్నేళ్ళుగా రాస్తున్నదాన్ని రొయ్యల వేపుడు తిని మూడేళ్ళు కావస్తోంది. నా ముందు సీసాల నిండా రొయ్యలున్నాయి, అన్నీ స్పిరిట్లో.

పరీక్ష సంగతి. నా పుస్తకం ఎప్పుడో అచ్చు కొట్టించి ఇచ్చేశాను. మే ఇరవయ్యో తేదీన ప్రొఫెసర్ల ముందు కూర్చుని జవాబులు చెప్పాలి, దాంతో డాక్టరు పట్టా. ఆ రోజుకు యూనివర్సిటీ కుర్రాళ్ళ చేతుల్లో ఉంది, ప్రొఫెసర్లు ఇళ్ళల్లో ఉన్నారు. మొన్న ఆదివారం పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు. మా ప్రొఫెసరుగారు ముసలాయన, మంచివాడు. నవంబరులో పెడతామన్నారు. చెప్తూ చెప్తూ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. నాకన్నా ఆయనే ఎక్కువ అలసిపోయినట్టున్నారు.

ఇక కాలు సంగతి. పోయిన నెల ఊరికి వచ్చిన కామాక్షయ్య చేత పంపిన చీటీలో గాజు గుచ్చుకుందని రాశానే గానీ ఎట్లా గుచ్చుకుందో రాయలేదు. రాస్తే తిడతావని. ఇప్పుడు చెప్తాను, తిట్టుకో.

మా వీధి మలుపులో ఒక పాత గుడి ఉంది. మనది కాదు, రోమన్ కాథలిక్కులది. "విగ్రహాలుండే గుళ్ళోకి పోయినావా?" అని నువ్వు గుండెలు బాదుకోవద్దు. విగ్రహాల వైపు వీపు పెట్టి కూర్చుంటాను. మనవాళ్ళ ఆరాధన ఊరికి ఆ చివర జరుగుతుంది, పోయి రావడానికే పూట పడుతుంది. ల్యాబులో స్పిరిట్ వాసనకు తల తిరిగినప్పుడు ఈ గుళ్ళో చల్లగా, చీకటిగా, ఎవరూ పలకరించకుండా ఉంటుంది. కొంగు తలమీద కప్పుకుని ఒక మూల కుర్చీలో కూర్చుని మణి కోసం, మీకోసం ప్రార్థన చేసుకుంటాను. ఒక్కోసారి నిద్రపోతాను.

పోయినప్పుడల్లా చెప్పులు గుమ్మం బయట విడిచి పోయేదాన్ని. మందిరంలోకి చెప్పులతో పోవడం పుట్టి బుద్ధెరిగాక చేయలేదు గదా, కాళ్ళు వాటంతట అవే విడిచేస్తాయి. ఇక్కడ ఆ అలవాటు ఎవరికీ లేదు. బూట్లు టకటకలాడిస్తూ పీఠం దాకా పోతారు. వచ్చిన మొదటి చలికాలంలో ఒకసారి బయటికొచ్చి చూస్తే నా చెప్పులో ఎవరో చిల్లర వేసి ఉన్నారు. గుడి ముందు ముష్టిది ఎక్కడికో పోయిందనుకున్నారు కాబోలు. ఆ చిల్లర కానుక పెట్టెలో వేసి వచ్చాను. అప్పటికైనా బుద్ధి రావలసింది, రాలేదు.

మే ఆరో తేదీ, సోమవారం, మధ్యాహ్నం ల్యాబు మూసేశారు. బయట ఒకటే ఊరేగింపులు. నేను గుళ్ళోకి పోయి కూర్చున్నాను. ఉన్నట్టుండి తలుపులు దబదబా కొట్టుకుని పాతికమంది కుర్రాళ్ళు, ఆడపిల్లలు లోపలికి ఉరికారు. కొందరి ముఖాల మీద నెత్తురు. వాళ్ళ వెనకే పొగ. అది కళ్ళల్లో పడితే పచ్చిమిరపకాయల గుండ మొహాన కొట్టినట్టు ఉంటుంది. ఎవరో పక్క తలుపు తెరిచారు. అందరితో పాటు నేనూ పరుగెత్తాను. చెప్పులేమో ముందు గుమ్మంలో ఉన్నాయి. వీధిలో అంతా పగిలిన అద్దాలు, పెరికిన రాళ్ళు. ఆ వీధంతటా వట్టికాళ్ళతో ఉన్నది నేనొక్కదాన్నే. ఇంత పెద్ద ఊళ్ళో, ఇంత పెద్ద గొడవలో, చెప్పులు గుడి బయట విడిచి ఇరుక్కుపోయినది నెల్లూరు జిల్లా క్రైస్తవురాలు ఒక్కతే.

మా బిల్డింగు కింద కాపలా ఉండే మదాం బెర్తో అనే ముసలామె తలుపు సందులోంచి చూసి నా కొంగు పట్టుకుని లోపలికి లాగింది. లాగి, నా కాళ్ళు చూసి, నెత్తి కొట్టుకుంది. ఆమె ఫ్రెంచిలో అన్నది మన మాటల్లో చెప్తే నువ్వు అన్నట్టే ఉంటుంది.

"చెప్పులేడమ్మే?"

"గుడి బయట విడిచినాను."

"ఎందుకు విడిచినావు?"

"దేవుని ఇల్లు గదా."

"ఆ దేవుడికి బూట్ల చప్పుడు రెండు వేల ఏండ్లుగా అలవాటే! యుద్ధంలో జర్మనీ వాళ్ళు బూట్లతో వచ్చినా ఆయన లేచి పొమ్మనలేదు. నీ వట్టికాళ్ళు చూసి ఆయనకేమొస్తాదంటా?"

తిడుతూనే నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, కనుబొమ్మల వెంట్రుకలు లాగే చిమటాతో అరికాల్లోంచి గాజుముక్కలు తీసింది. ఏదో సారా పోసి కడిగింది. నేను అరిస్తే తనూ అరిచింది. తర్వాత పది రోజులు ఆరు అంతస్తులూ ఎక్కి నాకు సూపు తెచ్చి ఇచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమె కోసం నువ్వు ప్రార్థన చేయాలి, కాథలిక్కు అయినా సరే.

ఇప్పుడు ఆఖరి ప్రశ్న.

అక్కా, చీటీలో ఏం రాశానో నీకు గుర్తుందా? కాలు నయం కాలేదు, అందుకే బస్సులో రాలేకపోయాను అని. అది అబద్ధం. కాలు అప్పటికే నయమైంది.

సమ్మెలు ముదిరాక, ఈ ఊళ్ళో ఇక లాభం లేదని మన దేశం వాళ్ళు కొందరు చందాలు వేసుకుని బెల్జియం నుంచి ఒక బస్సు తెప్పించుకున్నారు. అక్కడి నుంచి విమానం. అన్నీ చూసింది కామాక్షయ్యే, కొడవలూరు రెడ్ల ఇంటి ఇంజనీరు అని ఇదివరకు రాశాను చూడు, అతను. నాకు కూడా సీటు పెట్టాడు. నేను ట్రంకుపెట్టె సర్దుకున్నాను. మదాం బెర్తో దగ్గర సెలవు తీసుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. ట్రంకుపెట్టె ఒక చక్రాల బండిమీద పెట్టుకుని, బస్సు వచ్చి ఆగిన పెద్ద తోట గేటు దాకా నడిచే వెళ్ళాను. కొత్త చెప్పులు కూడా కొన్నాను. ఎక్కడా నొప్పి లేదు. కామాక్షయ్య పెట్టె బస్సు మీదికి ఎక్కించాడు. నేను మెట్టు మీద కాలు పెట్టాను.

ఆ మెట్టు మీద నాకు సూళ్లూరుపేట స్టేషను కళ్ళకు కట్టింది. మద్రాసు బండి దిగుతాను. నువ్వు మణికి పావడా కట్టి, జడకు కనకాంబరాలు పెట్టి తీసుకొస్తావు. "పోమ్మా, మీ అమ్మ వచ్చింది" అని ముందుకు తోస్తావు. అది నీ కొంగు పట్టుకుని నీ వెనక్కి పోతుంది. నువ్వు దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తావు. తప్పకుండా విడదీస్తావు, నేను నిన్ను ఎరగనా? నవ్వుతూనే విడదీసి నా చేతిలో పెడతావు. ఇంటికొచ్చాక కోళ్ళకు నూకలు వేయాలని పెరట్లోకి పోతావు, చాలాసేపు రావు. బావగారు దగ్గుతూ పేపరు చదువుతారు. అదే పేజీ చదువుతారు.

నేను కాలు కిందకు దించేశాను.

"ఏందక్కా?" అన్నాడు కామాక్షయ్య.

"కాలు నొప్పిగా ఉండాది. అంత దూరం కూర్చోలేను."

"ఇప్పుడు దాకా బాగానే నడిచినావు గదా! సీటు నీకనే పెట్టినా. మళ్ళీ బస్సు దొరకదక్కా, ఈ ఊరు ఏమయిపోతాదో ఎవురికి తెలుసు? ఇంటికాడ బిడ్డుందంటివే!"

"అందుకే" అన్నాను. అతనికి అర్థం కాలేదు. పెట్టె దించి ఇచ్చాడు. ఆ మెట్టు మీదనే కాగితం పెట్టుకుని నీకు చీటీ రాసిచ్చాను. మళ్ళీ బండి తోసుకుంటూ వస్తే మదాం బెర్తో గుమ్మంలో నిలబడి ఉంది. "బస్సు రాలేదా?" అంది. వచ్చిందన్నాను. ఆమె లోపలికి పోయి సూపు పొయ్యిమీద పెట్టింది.

ఇంతవరకు చెప్పడం తేలికే. దీనికన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది. అది రాయాలా వద్దా అని రెండు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుని ఉన్నాను. రాయకపోతే, నేను ఏదో పెద్ద త్యాగం చేస్తున్నానని నువ్వు సంఘంలో అందరికీ చెప్పి ఏడుస్తావు. అందుకే రాస్తున్నాను.

ఆ సోమవారం పొగలో నాకు ఊపిరి ఆడలేదు. కళ్ళు కనపడలేదు. వెనక నుంచి ఎవరో తోస్తే మోకాళ్ళ మీద పడ్డాను. చచ్చిపోతాననే అనుకున్నాను అక్కా, నిజంగానే అనుకున్నాను. అప్పుడు నా నోట వచ్చిన మాట "అక్కా" అని. గట్టిగా, ఊరంతా వినపడేలా అరిచాను. మణి గుర్తు రాలేదు. మదాం బెర్తో కాలు కడుగుతూ, పిల్లలున్నారా అని మాటవరసకు అడిగితే, అప్పుడు గుర్తొచ్చింది నాకు బిడ్డ ఉందని. కన్నతల్లికి చావు ముందు గుర్తొచ్చేది బిడ్డే అంటారు గదా. నాకు రాలేదు. ఆ రాత్రి నుంచి దాని ముఖం తలుచుకుందామని చూస్తున్నాను. కళ్ళు మూసుకుంటే నేను వదిలి వచ్చిన రెండున్నరేళ్ళ పిల్లే కనపడుతుంది. అయిదేళ్ళ మణి ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. నువ్వు పంపిన ఫోటో చూడాలి, చూస్తేనే తెలుస్తుంది.

నేను దాన్ని ప్రేమించడం లేదని కాదు. ఎంత ప్రేమో చెప్పడం నాకు చేతకాదు. అది పుట్టిన నెలలోనే ఆయన పోయారు. ఏ మందిరంలో ప్రతిష్ఠ చేయాలో అదే మందిరంలో ఆయన శవపెట్టె పెట్టారు. ఆ తర్వాత రెండేళ్ళు నేను ఎక్కడికి పోయినా "పాపం, హెబ్రోను భార్య" అన్నారే తప్ప పుష్పా అన్నవాళ్ళు లేరు. ఈ స్కాలర్‌షిప్పు వస్తే పారిపోయి వచ్చినట్టే వచ్చాను. చదువుకోసమనే చెప్పాను, నీకూ అదే చెప్పాను. ఇక్కడ నన్ను చూసి ఎవరూ పాపం అనలేదు. దానికే ఇక్కడి చలీ, మెట్లూ, ముద్ద అన్నమూ అన్నీ ఓర్చుకున్నాను. నేను ఊపిరి పీల్చుకున్నన్నాళ్ళూ అక్కడ మణికి జ్వరం వస్తే మేలుకున్నది నువ్వు.

నీ మూడో ఉత్తరంలో, భయపడుతూ భయపడుతూ, ఒక మూల రాశావు చూడు. పెద్దమ్మా అని పిలవమని ఎన్నిసార్లు చెప్పినా అది నిన్ను అమ్మా అనే అంటోందని, నువ్వు నేర్పలేదని, దేవుని తోడని. అది చదివి ఉత్తరం నేలకేసి కొట్టాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో! ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని. కాసేపటికి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. పాస్టరమ్మగారు ఇంటికొస్తే మణి ఏమందో కూడా రాశావు. "నాకు ఇద్దరమ్మలుండారు. ఒకమ్మ వంటింట్లో ఉండాది, ఇంకొకమ్మ గోడకుండాది" అందట. అందరూ నవ్వారని రాశావు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. ఆ గోడకు ఆయన ఫోటో పక్కన నాది కూడా ఉంది గదా. పిల్ల దృష్టిలో గోడమీద ఉండేవాళ్ళంతా ఒకటే.

నువ్వు అనబోయేది నాకు ఇక్కడికే వినపడుతోంది. "కన్నదానివి నువ్వుమే పుష్పా, నేను ఊరికే సాకినదాన్ని" అంటావు. నన్ను సాకింది ఎవరు? నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే, పదహారేళ్ళదానివి, వచ్చిన సంబంధం వెనక్కి పంపి నాకు జడలు వేశావు. ఆకలేస్తే నిన్ను అడిగాను, దెబ్బ తగిలితే నీ దగ్గరికి వచ్చాను. ముప్పై నాలుగేళ్ళు వచ్చి, సముద్రాలు దాటి, రోడ్డుమీద పడి చస్తున్నప్పుడు కూడా నిన్నే పిలిచాను. నాకు తప్పలేదు, మణికి మాత్రం ఎట్లా తప్పుతుంది? నీ కడుపున పిల్లలు పుట్టలేదని మందిరంలో ఆడవాళ్ళు గుసగుసలాడినప్పుడల్లా నువ్వు దించిన తల నేను చూశాను అక్కా. జులై ఆఖరి ఆదివారం ఆ తల దించవద్దు.

ప్రతిష్ఠ ఆపవద్దు. నువ్వూ బావగారూ నిలబడండి. అయ్యగారు అడిగినప్పుడు పెంచుతామని గట్టిగా చెప్పండి, వెనక బెంచీ దాకా వినపడాలి. అందరూ ఏమంటారోనని చూడవద్దు. ఇది కన్నతల్లి మాట అని అయ్యగారికి ఈ కాగితం చూపించు. మణికి పెద్దయ్యాక అన్నీ చెప్పు, ఏదీ దాచవద్దు. అది అడిగితే నేనూ చెప్తాను. కానీ దాని వేళ్ళు మాత్రం విడదీయవద్దు, ఎప్పుడూ విడదీయవద్దు. నా ఫోటో ఆ గోడమీద నుంచి తీసేసి పెట్టెలో పెట్టు.

నాకు ఇది సంతోషంగా లేదు. అట్లా అని రాస్తే అబద్ధమవుతుంది, ఒక అబద్ధం చాలు. రాస్తుంటే కోపం వస్తోంది. రేపు పొద్దున లేచి ఈ ఉత్తరం చించేస్తానేమోనని భయంగా ఉంది. అందుకని మదాం బెర్తో చేతికి ఇప్పుడే ఇచ్చేస్తాను. నేను తిరిగి అడిగినా ఇవ్వవద్దని చెప్తాను. ఆమె ఇవ్వదు, మొండిది.

నవంబరులో పరీక్ష అయిపోతుంది. డిసెంబరులో వస్తాను. నెల్లూరులో ఏదైనా కాలేజీలో ఉద్యోగం చూసుకుంటాను, శనివారం శనివారం బండెక్కి మీ ఇంటికి వస్తాను. మణికి నేను కొత్తదాన్ని, ముందు భయపడుతుంది. పడనీ. నేను తొందరపెట్టను. స్టేషనుకు దాన్ని తప్పకుండా తీసుకురా. ఈమె ఎవురు అని అది అడిగితే ఏం చెప్పాలో ఇక నువ్వు ఆలోచించుకోనక్కర్లేదు, కింద రాశాను.

సంతకం చూసి కేకలు పెట్టవద్దు. బావగారికి చూపించు, ఆయన ఏమీ అనరు. మణి బుగ్గలకు నా ముద్దులు.

ఇట్లు,
మణి చిన్నమ్మ,
పుష్పకుమారి